ఊరి లెక్క ఊరి చేతిలో

(విజయవాడ గవర్నర్‌పేటలో అయ్యంకి వెంకట రమణయ్య స్మృతికి అంకితంగా చేసిన ప్రసంగ పాఠం)

1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో కొందరు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. వాళ్లను ఒకచోటికి చేర్చిన అయ్యంకి వెంకట రమణయ్యకు అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. అయిదేళ్లు తిరిగేసరికి, 1919 నవంబరులో, మద్రాసులో తొలి అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనకా ఆయన పూనికే ఉంది. పుస్తకం ఎవరింటి బీరువాలో ఉన్నా ఊరందరి చేతికీ అందాలన్నది ఆ ఉద్యమం పట్టు. 1935లో పాతూరి నాగభూషణం, పెదపాలెం సేవాశ్రమం వాళ్లు ఆ పట్టును కాలువలోకి దింపారు. కృష్ణా కాలువ మీద పుస్తకాల పడవ నడిపి, పడవ ప్రయాణికులకూ గట్ల మీది ఊళ్లకూ చదువుకోవడానికి పుస్తకాలు అందించారు.

ఆ ఉద్యమం మిగిల్చిపోయిన అంకె ఒకటి ఈనాటికీ ప్రతి ఇంటి పన్ను లెక్కలో ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలుస్తుంది. పంచాయతీ, మునిసిపాలిటీ, కార్పొరేషన్ ఆ సొమ్ము వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలైనది వసూలైనట్టు జమ కావడం లేదన్న ఫిర్యాదు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి వినిపిస్తోంది. ఈ ఫిర్యాదు తేలడానికి కమిషన్లు, విచారణలు అక్కర్లేదు. ఏ నెల ఎంత వసూలైంది, ఎంత జమ అయింది అన్న రెండు వరుసల పట్టిక చాలు. వసూలు చేసినవాళ్లు ఒకటి, అందుకున్నవాళ్లు ఒకటి ప్రచురిస్తే రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరైనా చూసుకుంటారు.

స్థానిక ప్రభుత్వం తన దగ్గరున్న సమాచారాన్ని జనంతో పంచుకోవడమంటే ఇదే. ఓపెన్ డేటా అన్న మాట వినగానే పెద్ద తెరలు, రంగురంగుల డాష్‌బోర్డులు గుర్తొస్తాయి. అవి ఉంటే మంచిదే. కానీ ఊరికి కావలసింది అంతకంటే చిన్నదీ, గట్టిదీ. తన వీధి పేరు ఉన్న లెక్క, పని జరిగేలోపు అందే లెక్క, ఇంకో లెక్కతో సరిచూసుకోగలిగే లెక్క.

కృష్ణా డెల్టా రైతుకు ఇది కొత్త సంగతి కాదు. వానాకాలం మొదలైతే శ్రీశైలం 885 అడుగులకు ఎంత దూరంలో ఉంది, సాగర్ 590కి ఎంత దూరంలో ఉంది, పులిచింతలకు ఇన్‌ఫ్లో ఎంత అన్నది పొద్దున్నే పేపర్లో చూడందే చాలామందికి కాఫీ దిగదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 12 అడుగుల మట్టం నిలిచిందంటే కాలువలకు నీళ్లు వదులుతారన్న ఆశ. నారుమడి ఎప్పుడు పోయాలి, వెదజల్లాలా, నాటాలా అన్న నిర్ణయాలు ఆ అంకెలను చూసి జరుగుతాయి. ఇంజనీరు దస్త్రంలో ఉండవలసిన సంఖ్య పొలం గట్టు మీద మాటల్లోకి వచ్చింది. ఆ అంకె రోజూ వస్తుంది, పోయినేడుతో పోల్చి వస్తుంది, ఎవరూ అర్జీ పెట్టకుండా వస్తుంది. నీటి లెక్క విషయంలో డెల్టా అలవాటు పడిన ఈ మర్యాద నగరపాలనకు ఇంకా పూర్తిగా పట్టలేదు.

ప్రయత్నం జరగలేదని కాదు. 1888లో మునిసిపాలిటీగా మొదలై 1981లో కార్పొరేషన్ అయిన ఈ ఊరు, దేశంలో చాలా నగరాలకు కంప్యూటరు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే ‘వాయిస్’ అన్న వ్యవస్థ పెట్టుకుంది. విజయవాడ ఆన్‌లైన్ సమాచార కేంద్రం అని దాని అర్థం. 1998లో పని మొదలై 1999 డిసెంబరులో అందుబాటులోకి వచ్చింది. ఊళ్లో అయిదు కియోస్కులు పెట్టి జనన, మరణ ధ్రువపత్రాలు, ఇంటి ప్లాను అనుమతులు, ఆస్తి పన్ను, నీటి పన్ను చెల్లింపులు వాటి ద్వారా నడిపారు. ప్రపంచ బ్యాంకు దాన్ని మంచి ఉదాహరణల్లో ఒకటిగా నమోదు చేసింది. కార్పొరేషన్ ఆఫీసులో బల్ల బల్లకూ తిరిగే బాధ తప్పించడం అప్పట్లో చిన్న సంగతి కాదు. ఆ ఘనత విజయవాడది.

అయితే ఆ దారి ఒక వైపే పోయింది. ఆ తర్వాత వచ్చిన వెబ్‌సైట్లు, యాప్‌లు చాలావరకు ‘నీ పని నీకు’ అన్న పద్ధతిలోనే నడిచాయి. ఎవరికి వాళ్లు అసెస్‌మెంట్ నంబరు కొడితే ఎవరి బకాయి వాళ్లకు కనిపిస్తుంది. పక్క వీధితో, పక్క డివిజన్‌తో పోల్చి చూసే పుస్తకం మాత్రం మూసే ఉంటుంది. సేవ అందింది, లెక్క అందలేదు.

ఆస్తి పన్నునే చూస్తే తేడా తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ పద్ధతి పోయి మూలధన విలువ మీద పన్ను వచ్చింది. నివాస గృహాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య రేటు వేసుకోవచ్చు. ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదన్నారు. విజయవాడలో పన్ను చెల్లింపుదారులు, కాలనీ సంఘాలు దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి. ఆ వాదన మంచిచెడ్డలు అలా ఉంచితే, కొత్త పద్ధతిలో ఒక మేలు దాగి ఉంది. పాత పద్ధతిలో ఇంటికి అద్దె విలువ కట్టడంలో అంచనాకు చోటుండేది, ఇంటాయనకు అది సరిచూసుకునే దారి కష్టం. కొత్త పద్ధతికి మూలం రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువల పుస్తకం. ఆ విలువలు ఆ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. స్థలం విలువ, కట్టడం విలువ కలిపి, పాతదైతే తరుగుదల తీసేసి 40 లక్షలు తేలిందనుకుంటే, 0.10 శాతం లెక్కన ఏడాదికి 4 వేలు. నోటీసులో అంతకు మించి ఉంటే ఎందుకో అడగవచ్చు. ఒక శాఖ తెరిచిన లెక్కతో ఇంకో శాఖ వేసిన లెక్కను సామాన్యుడు సరిచూడగలడన్నమాట. దీనికి డివిజన్ వారీ డిమాండు, వసూలు, పెద్ద బకాయిల జాబితా కూడా తోడైతే, ‘మా మీదే వేస్తున్నారు’ అన్న అనుమానం నిజమో కాదో వీధిలోనే తేలిపోతుంది. పన్ను పెంచదలిచిన కార్పొరేషన్‌కు కూడా అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. అందరికీ తెలిసింది అందులోని దరఖాస్తు భాగం. దానికంటే బలమైనది 4వ సెక్షన్. ఎవరూ అడగకముందే ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన విధులు, బడ్జెట్, ఖర్చులు, రాయితీలు పొందినవారి వివరాలు వంటి 17 అంశాలను ప్రచురించి, ఎప్పటికప్పుడు సరిచేస్తూ ఉండాలని అది ఆదేశిస్తుంది. 2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద విజయవాడ ఎంపికైనప్పుడు కూడా, బహిరంగ వెల్లడి చట్టం తేవడం తప్పనిసరి సంస్కరణల్లో ఒకటి. 2012లో కేంద్రం జాతీయ డేటా భాగస్వామ్య విధానం ప్రకటించి డేటా పోర్టల్ తెరిచింది. 2016లో తెలంగాణ ప్రభుత్వం సొంత ఓపెన్ డేటా విధానం తెచ్చింది. కాగితం మీద కొరత లేదు.

తెరిచిన తలుపు మూతపడే ప్రమాదం మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో జీవోలు 2008 నుంచి ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేవి. 2021 ఆగస్టులో ఆ వెబ్‌సైట్‌లో జీవోలు పెట్టడం ఆపేశారు. మళ్లీ 2024 ఆగస్టు చివర్లో గానీ అది తెరుచుకోలేదు. ఆ మూడేళ్లూ ఇబ్బంది పడింది విలేకరులు, లాయర్లు మాత్రమే కాదు. బదిలీ కోసం, నిధుల విడుదల కోసం, భూమి కేటాయింపు కోసం ఎదురుచూసే ప్రతి మనిషీ ఎవరో ఒకరి సెల్‌ఫోన్‌లో తిరిగే కాపీ మీద ఆధారపడవలసి వచ్చింది. ఏ ప్రభుత్వం ఉన్నా జరగకూడని పని అది.

ఇక పనుల సంగతి. డ్రెయిన్ కట్టినా, రోడ్డు వేసినా, మునిసిపల్ ఇంజనీర్ల దగ్గర ఎం-బుక్ అని ఒక పుస్తకం ఉంటుంది. కొలతల పుస్తకం. అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) పని జరిగిన చోటికి వెళ్లి టేపు పట్టి పొడవు, వెడల్పు, లోతు రాస్తాడు. తవ్వకం ఎన్ని ఘనపు మీటర్లు, కాంక్రీటు ఎంత, ఇనుము ఎంత అన్నది పద్దుల వారీగా ఉంటుంది. పై అధికారి చెక్ మెజర్‌మెంట్ చేసి సంతకం పెడితే, దాన్ని బట్టి బిల్లు పాసవుతుంది. కోట్ల రూపాయల నగర నిర్మాణమంతా చివరికి ఈ పుస్తకంలోని నాలుగు గళ్ల మీద నిలబడి ఉంది. డ్రెయిన్ ఎవరింటి ముందు నుంచి పోతోందో ఆ మనిషికి ఆ పేజీ కనిపించాలి. మూడు అడుగుల లోతు రాసి ఉంటే, కర్ర దించి చూసుకోవడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. బెంగళూరులో 2002లో పౌర సంస్థలు కలిసి ‘ప్రూఫ్’ పేరుతో ఒక ప్రచారం నడిపాయి. మూడు నెలలకోసారి నగరపాలక సంస్థ ఆదాయ వ్యయాలను పౌరుల ముందు పెట్టించి చర్చించడం దాని పని. అది ఖజానా స్థాయి లెక్క. ఎం-బుక్ వీధి స్థాయి లెక్క. విజయవాడకు రెండూ కావాలి.

ముఖ్యంగా వాననీటి కాలువల విషయంలో. కేంద్రం ఈ నగరానికి 460 కోట్ల రూపాయలకు పైగా వాననీటి డ్రెయిన్ల కోసం ఇచ్చింది. ఏళ్లు గడిచినా పని పూర్తికాలేదు. ఏ వీధిలో ఎన్ని మీటర్లు అయింది, ఎక్కడ ఆగింది, ఆగిన డ్రెయిన్ నీరు ఏ కాలువలోకి పోవాలి అన్న పటం ప్రతి వార్డు సచివాలయం గోడ మీద ఉండి ఉంటే, వాన పడిన ప్రతిసారీ జరిగే వాదన సగం తగ్గేది.

2024 సెప్టెంబరు 1 ఆదివారం. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరు, వెలగలేరు రెగ్యులేటర్ దాటి నగరం మీదికి వచ్చింది. నీటిని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణ కూడా నిండుగా ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారాయి, అంతకుముందెన్నడూ అంత లేదు. అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీళ్లలో మునిగాయి. సైన్యం కూడా వచ్చి, గండ్లు పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. లక్షల మంది రోజుల తరబడి మేడల మీద పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ల కోసం ఎదురుచూశారు.

ఆ రోజుల్లో ఆ ఇళ్లవాళ్లకు అంకెలు లేకపోలేదు. బ్యారేజీ క్యూసెక్కులు టీవీలో గంట గంటకూ వచ్చాయి. సింగ్ నగర్‌లో కింది వాటాలో ఉన్న కుటుంబానికి ఆ అంకెతో పని లేదు. వెలగలేరు దగ్గర గేట్లు ఎత్తితే ఎన్ని గంటల్లో తన వీధికి నీళ్లొస్తాయి, వస్తే మోకాలి దాకానా, గుమ్మం పైదాకానా అన్నది కావాలి. ఆ సమాధానానికి మూడు వివరాలు కలవాలి. రెగ్యులేటర్ దగ్గర నీటిమట్టం, వీధుల ఎత్తుపల్లాలు, ఇంతకుముందు వరదల్లో నీరు ఎక్కడిదాకా వచ్చిందన్న గుర్తులు. మొదటిది జలవనరుల శాఖ దగ్గర, రెండోది సర్వే పటాల్లో, మూడోది గోడల మీద, మనుషుల జ్ఞాపకాల్లో ఉంటాయి. 2005లోనూ బుడమేరు ఇదే ప్రాంతాన్ని ముంచింది. ఆనాటి నీటిగుర్తులు ప్లాటు కొనేవాడి చేతికి పటంగా అంది ఉంటే, ఎంతమంది మెట్లు ఇంకో నాలుగు పెంచి కట్టుకునేవాళ్లో.

2015 వరదల్లో చెన్నైలో ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. మునిగిన వీధులను పౌరులే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద ఒక్కొక్కటిగా గుర్తించి పటం తయారుచేశారు. తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి పనికి మనుషులున్నారు. మండలాల వారీ వర్షపాతం చెప్పే ఆటోమేటిక్ స్టేషన్ల వివరాలను ప్రభుత్వాలు ప్రచురిస్తుంటే, వాటిని పట్టుకుని ఏ గంటకు ఏ ఊళ్లో వాన పడుతుందో తెలుగులో చెప్పే ఔత్సాహికులను ఇప్పుడు లక్షల మంది అనుసరిస్తున్నారు. వాళ్లకు జీతం లేదు, పదవి లేదు. తెరిచి పెట్టిన వివరం ఉంటే చాలు.

వరద తగ్గాక విజయవాడలో జరిగిన పని ఒకటి ఈ ప్రసంగానికి అసలు ఆధారం. వార్డు సచివాలయ సిబ్బంది ఇంటింటికీ తిరిగి నష్టం నమోదు చేశారు. 179 సచివాలయాల పరిధిలో, కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది. జాబితాలు సచివాలయాల దగ్గర పెట్టారు. పేరు ఉందా లేదా అని జనం గోడకు వేలు ఆనించి వరుసవరుస వెతుక్కున్నారు. లేనివాళ్లు మళ్లీ అర్జీలు పెట్టారు. డబ్బు పంచడం కోసం చేసిన లెక్క కాబట్టి, డబ్బు పంచేయగానే దాని పని అయిపోయిందనుకోవడం సహజం. నిజానికి అది ఈ నగరానికి ఎప్పుడూ లేనంత వివరమైన వరద పటం. ఏ డోర్ నంబరు ఉన్న ఇంట్లో నీళ్లొచ్చాయో, ఏ అంతస్తు మునిగిందో, ఏ వాహనం పాడైందో, ఏ దుకాణం సరుకు పోయిందో అందులో ఉంది. పేర్లు, ఆధార్, బ్యాంకు ఖాతాలు తీసేసి, వీధి వారీగా కలిపి ఆ వివరాలు బయటపెడితే, రేపు కాలువ కట్టే ఇంజనీరుకూ, ఇల్లు కట్టే మేస్త్రీకీ, బడి ఎక్కడ పెట్టాలో చూసే అధికారికీ అంతకంటే నమ్మదగిన ఆధారం ఉండదు.

పేర్లు తీసేయాలనడం మాటవరసకు కాదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులం, మతం, బ్యాంకు వివరాలు అందరికీ కనిపించేలా ఉన్నాయని బయటపడింది. పారదర్శకత పేరుతో పేదవాడి గుట్టు బజారున పడేయడం ఘోరం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇలాంటి వాటికి అడ్డుకట్ట వేయాలని వచ్చింది. అదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను కూడా మార్చింది. వ్యక్తిగత సమాచారం అయినా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని ఆ నిబంధనలోనే ఉన్న మినహాయింపు దాంతో పోయింది. కాంట్రాక్టరు పేరు, బిల్లు మీద సంతకం పెట్టిన అధికారి పేరు కూడా వ్యక్తిగతమే అనేసే వీలు కలుగుతుందని సమాచార హక్కు కార్యకర్తలు భయపడుతున్నారు. ఆ భయంలో న్యాయం ఉంది. పింఛను తీసుకునే ముసలమ్మ ఖాతా నంబరుకూ, ప్రజాధనంతో బిల్లు తీసుకున్న సంస్థ పేరుకూ ఒకే తెర వేయడం కుదరదు. దాచవలసింది మనిషి బతుకు, తెరవవలసింది ప్రభుత్వం చేసిన పని.

అంకె బయటికొస్తే సరిపోదు, దాన్ని పైకి చదివే చోటు కూడా ఉండాలి. ఈ సంగతి తెలుగునేలకు ఉపాధి హామీ నేర్పింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990ల్లో మస్తర్లను, అంటే కూలీల హాజరు పట్టీలను, ఊరి మధ్య చదివించి, చనిపోయినవాళ్ల పేర్ల మీద కూలి ఎత్తిన సంగతులు బయటపెట్టింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ ఏడే ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ కూడా మొదలైంది. 2009లో దానికంటూ ప్రత్యేక సంస్థే ఏర్పడింది. మస్తరు, చెల్లింపుల వివరాలు కంప్యూటరులో ఉండడం వల్ల తనిఖీ బృందాలు వాటిని ముద్రించి తీసుకుని కూలీల ఇళ్లకు వెళ్లేవి. నీ పేరు మీద ఇన్ని రోజులు రాసి ఉంది, చేశావా, ఇంత డబ్బు వచ్చిందా అని అడిగేవి. చెరువు పని రాసి ఉంటే చెరువు దగ్గరికి పోయి కొలిచేవి. చివర్లో మండల కేంద్రంలో ప్రజావేదిక. అధికారి ఒక వైపు, కూలీలు ఒక వైపు, మధ్యలో పైకి చదివే కాగితం. చదువు రానివాళ్లు కూడా ఆ సభలో తమ లెక్క తాము చెప్పారు. తెలుగువాళ్లు ప్రపంచానికి చూపించదగిన పాలనా ప్రయోగాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. పల్లె చేసిన ఈ పని పట్నం ఇంకా చేయలేదు.

చేయడానికి కావలసినవన్నీ ఉన్నాయి. 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పటి నుంచి వార్డు స్థాయిలో ఎమినిటీస్ కార్యదర్శి ఉన్నాడు, శానిటేషన్ కార్యదర్శి ఉన్నాడు, ప్లానింగ్ కార్యదర్శి ఉన్నాడు. గోడ ఉంది, కంప్యూటరు ఉంది. విజయవాడలో 64 డివిజన్లు ఉన్నాయి. అన్నిట్లో ఒకేసారి కాకపోయినా, బుడమేరు వెంబడి ఉన్న డివిజన్లలో మేలో, వానలకు ముందు, ప్రజావేదిక పెట్టవచ్చు. అక్కడ చదవవలసినవి మూడే. ఈ ఏడాది పూడిక తీసిన డ్రెయిన్ల జాబితా, వీధి పేర్లతో, ఎం-బుక్ కొలతలతో. 2024 నష్టం నమోదు నుంచి తీసిన వీధి వారీ నీటిమట్టాలు. వెలగలేరు గేట్లు ఎత్తితే ఎవరు, ఏ ఫోను ద్వారా, ఎన్ని గంటల ముందు ఎవరికి చెబుతారన్నది. మూడూ తెలుగులో, పెద్ద అక్షరాల్లో గోడ మీద ఉండాలి. అవే వివరాలు కంప్యూటరులో తెరిచి లెక్క వేసుకునే పట్టికగా కూడా ఇవ్వాలి. కాగితాన్ని ఫొటో తీసి పెడితే దాంతో ఎవరూ కూడిక చేయలేరు. మొదటి సభలో తప్పులు బయటపడతాయి, తీసినట్టు రాసిన పూడిక తీయలేదని ఎవరో లేచి అంటారు. అన్నవాళ్ల మాట కూడా తేదీతో అదే పట్టికలో చేర్చి, వారంలోగా ఏఈ వెళ్లి మళ్లీ కొలవాలి.